మంచులో మెట్ట... బరకం కింద కారు

ధనుర్మాసం. తెల్లవారి ఐదున్నర. జగ్గయ్యపేట నుంచి నందిగామ వైపు జాతీయ రహదారి మీద లారీల దీపాలు తప్ప మరేమీ కనిపించవు. మంచు పొరలో ఆ దీపాలు కూడా పసుపు ముద్దల్లాగే ఉంటాయి. రహదారి దిగి ఏ ఊళ్లోకి తిరిగినా ఒకటే దృశ్యం. వాకిట్లో కళ్లాపి, ముగ్గు, గొబ్బెమ్మలు... ఆ పక్కనే నీలం బరకం కప్పుకుని, నాలుగు మూలలా ఇటుకరాళ్లు వేలాడేసుకుని గాఢనిద్రలో ఓ కారు!

ఊళ్లో రోజూ తిరిగే కారు కాదది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు కొత్తది కొనుక్కుని పాతదాన్ని నాన్నకు వదిలి వెళ్లి ఉంటాడు. లేదా అమెరికాలో ఉండే కూతురు ఏడాదికోసారి వచ్చినప్పుడు తిరగడానికి ఉంటుందని ఇక్కడే ఉంచేసి ఉంటుంది. అమ్మానాన్నలకు డ్రైవింగు రాదు. వచ్చినా రాత్రిపూట కళ్లు ఆనవు. ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే పక్కింటి కుర్రాణ్ని పిలవాలి. మిగతా రోజులన్నీ కారు వాకిట్లోనే... ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ, మంచుకు నానుతూ.

ఇళ్లు పాతవి. కార్లు కొత్తవి. చిక్కంతా అక్కడే ఉంది. పశువుల కొట్టం, గడ్డివాము, ఎడ్లబండి నిలిపే చావిడి చూసుకుని కట్టిన ఇళ్లకు కారు షెడ్డు ఎక్కడి నుంచి వస్తుంది?

కాలువల్లేని కృష్ణా జిల్లా

కృష్ణా జిల్లా అనగానే చాలామందికి గుర్తొచ్చేవి కాలువలు, వరిచేలు, కొబ్బరిచెట్లు. జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, చందర్లపాడు... ఈ వైపు అలా ఉండదు. ఇది మెట్ట. నల్లరేగడి నేలలు, పత్తి, మిర్చి, మధ్యమధ్య సుబాబుల్ తోటలు, వాటి వెనక బోడిగుట్టలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక ఈ మండలాలన్నీ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. నందిగామ రెవెన్యూ డివిజన్ కేంద్రమయ్యింది. అయినా పెద్దవాళ్లు ఇప్పటికీ 'మాది కృష్ణా జిల్లా మెట్ట' అనే అంటారు.

జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. అమరావతి ప్రభువు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ ఊరు కట్టించి తన తండ్రి పేరు పెట్టాడు. అంతకుముందు ఎన్నో వందల ఏళ్ల కిందటే ఊరి పక్క గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉండేది. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని వెలుగులోకి తెచ్చాడు. అక్కడ దొరికిన ఓ శిల్పఫలకం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. మాంధాత చక్రవర్తి చెయ్యెత్తితే మేఘాల్లోంచి నాణేలు కురుస్తుంటాయి. చుట్టూ సప్తరత్నాలు. వాటిలో చక్రం ఉంది, గుర్రం ఉంది, ఏనుగు ఉంది. అంటే ఈ ఊరి అతి పురాతన బొమ్మలోనే బండికి కావలసిన సరంజామా సగం ఉందన్నమాట! ఆ ఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో పదిలంగా ఉంది. నీడపట్టున ఉంది కాబట్టే దానిమీద గీత గీతా ఇప్పటికీ కనిపిస్తోంది.

ఆ శిల్పాన్ని చెక్కింది ఈ ప్రాంతపు సున్నపురాయి మీదే. ఇరవయ్యో శతాబ్దంలో అదే రాయి సిమెంటు పరిశ్రమలను రప్పించింది. ఇటు జగ్గయ్యపేట చుట్టూ, అటు తెలంగాణ సరిహద్దు దాటితే మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపూ ఫ్యాక్టరీలు వెలిశాయి. ఉద్యోగాలు వచ్చాయి. లారీలు వచ్చాయి. లారీల వెంట దుమ్మూ వచ్చింది. వాకిట్లో నిలిపిన కారుకు శీతకాలంలో మొదటి శత్రువు చలి కాదు, ఆ దుమ్మే.

దుమ్ముకు మంచు తోడైతే...

నందిగామ, జగ్గయ్యపేటల్లో చలి ఎంతని? డిసెంబరు చివర్లో తెల్లవారుజామున 15 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తే 'అబ్బో' అనుకుంటారు. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊళ్లివి. ఆ చలికి ఇంజిన్ గడ్డకట్టదు, బ్యాటరీ పగలదు. కానీ మంచు కురుస్తుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే కారు పైకప్పు రేకు తనలో ఉన్న వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడిపోతుంది. అప్పుడు గాలిలోని తేమ దానిమీద నీటిబొట్లుగా చేరుతుంది. పొద్దున్నే లేచి చూస్తే ఎవరో బిందెతో నీళ్లు పోసినట్టే ఉంటుంది.

అదే కారును వసారా చూరు కిందకో, చెట్టు కిందకో జరిపి చూడండి. పైకప్పు దాదాపు పొడిగా ఉంటుంది. మధ్యలో అడ్డు ఉంటే వేడి అంత త్వరగా పోదు కాబట్టి రేకు అంతగా చల్లబడదు. కారు రక్షణకు అసలు కీలకం ఇక్కడే ఉంది. ఒంటికి చుట్టే బరకం కన్నా నెత్తిమీద చిన్న కప్పు మేలు. నాలుగు గొట్టాలు పాతి, పైన నాలుగు రేకులు వేస్తే చాలు... గోడలు లేకపోయినా ఫరవాలేదు. నిజానికి గోడలు లేకపోతేనే మంచిది. గాలి ఆడుతుంది, చెమ్మ నిలవదు.

దుమ్ము సంగతి. రోడ్డు మీద లేచేది రకరకాల దుమ్ము. ఒట్టి సున్నపురాయి పొడి మెత్తన. అంతగా గీరదు. అందులో కలిసే ఇసుక రేణువు మాత్రం గాజుకన్నా గట్టిది. సిమెంటు పొడి కథ వేరు. దానికి నీళ్లు తగిలితే ఏమవుతుందో మేస్త్రీని అడగక్కర్లేదు. రాత్రి దుమ్ము పడి, తెల్లవారుజామున మంచుకు తడిసి, తొమ్మిదింటి ఎండకు ఆరిందంటే పల్చటి పెచ్చు కడుతుంది. దానికి క్షార గుణం కూడా ఉండటంతో రంగు మీది మెరుపు పొరను నెమ్మదిగా తినేస్తుంది. రోజూ చూసేవాళ్లకు తేడా తెలియదు. రెండేళ్లకు వచ్చిన కూతురే ముందుగా గుర్తు పడుతుంది, 'ఇదేంటమ్మా, కారు ఇంత వెలిసిపోయింది?' అని.

అలా పట్టిన దుమ్మును చాలామంది చేసేదేమిటి? పొడి గుడ్డ తీసుకుని బరబరా తుడవడం. ఇంకొందరు ఇల్లూడ్చే చీపురుకే పని చెబుతారు. కారుకు చేసే అపకారాల్లో దీనికన్నా పెద్దది లేదు. ప్రతి ఇసుక రేణువూ ఓ గీత గీసి వెళ్తుంది. ముందు నీళ్లు పోసి నాననివ్వాలి. దుమ్ము దానంతటదే జారిపోవాలి. ఆ తర్వాతే మెత్తని స్పాంజి. అప్పటికీ పోని సిమెంటు మరకకు వెనిగర్‌లో నీళ్లు బాగా కలిపి, ముందు కనిపించని మూల ఎక్కడైనా రుద్ది చూసుకుని, తర్వాత మరక మీద వాడాలి. వెంటనే మంచినీళ్లతో కడిగెయ్యాలి.

ఆ నీళ్లతోనూ ఓ తంటా ఉంది. సున్నపురాయి నేలల్లో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఇంట్లో బిందెల అడుగున కట్టే తెల్ల చారలు అందరికీ తెలిసినవే. కారు కడిగి అలా ఎండలో ఆరనిస్తే ఆ చారలే అద్దాలమీద, బానెట్ మీద మచ్చలై కూర్చుంటాయి. కడిగిన వెంటనే మెత్తని గుడ్డతో తడి అద్దెయ్యాలి. ఇక రేడియేటర్‌లో ఈ నీళ్లు పోయడం అంటే లోపల సున్నం కొట్టించినట్టే. అక్కడ కూలెంటే పోయాలి. చలిదేశాల్లో ఇంజిన్‌లో నీరు గడ్డకట్టకుండా చూసే ఆ ద్రవమే, మనదగ్గర తుప్పు పట్టకుండా, ఎండల్లో త్వరగా మరగకుండా కాపాడుతుంది.

బరకం చేసే మేలెంత?

మెట్టలో ప్రతి రైతు ఇంట్లోనూ బరకాలు ఉంటాయి. మిర్చి కల్లానికి, పత్తి మూటలకు అవి లేనిదే గడవదు. కాబట్టి కారుకూ అవే. అయితే ప్లాస్టిక్ బరకానికి ఊపిరి ఉండదు. నేలలోంచి లేచే చెమ్మ పైకి వెళ్లే దారిలేక బరకం లోపలి వైపున బొట్లుగా పట్టి తిరిగి కారు మీదే రాలుతుంది. మంచు నుంచి కాపాడాల్సిన దుప్పటే మంచు కురిపిస్తుందన్నమాట! పైగా గాలికి టపటపా కొట్టుకుంటుంటే కింద ఉన్న దుమ్ముతో కలిసి గరుకు కాగితంలా రంగును రాస్తుంది. తాళ్లకు కట్టిన ఇటుక ఊగి తలుపుకు సొట్ట పెట్టిన సందర్భాలూ లేకపోలేదు.

వాడక తప్పదనుకుంటే మూడు జాగ్రత్తలు. కడిగి ఆరిన కారు మీదే కప్పాలి, దుమ్ము కారు మీద కాదు. నాలుగు వైపులా నేల దాకా దించి బిగించకుండా కింద జానెడు ఖాళీ వదలాలి. వారానికోసారి పొద్దెక్కాక తీసి గాలి తగలనివ్వాలి. గాలి ఆడే గుడ్డ కవరు కొనుక్కోగలిగితే మరీ మంచిది. ఇంకో సంగతి... జనవరి దాటి మిర్చి కల్లాల్లోకి దిగిందంటే కారు మీది బరకం కల్లంలోకి వెళ్లిపోతుంది. అది న్యాయమే. క్వింటాళ్ల మిర్చి ముందు కారు ఎంత?

ఎడ్లబండి రోజుల్లో ఈ సంగతులన్నీ పెద్దవాళ్లకు కరతలామలకం. పని లేనప్పుడు బండిని చావిట్లోకి తోసేవారు. ఎండలో వదిలేస్తే చక్రం కర్ర ఎండి కుంచించుకుపోయి ఇనప పట్టా వదులవుతుంది. అందుకే వేసవిలో చక్రాలను చెరువులోనో, వాగులోనో నాననిచ్చేవారు. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన చేసి ఇరుసుకు పెట్టేవారు. ఏ మాన్యువల్ చదివి? ఆ తాత గారి మనవడికి లక్షల రూపాయల కారు ఉంది. డ్యాష్‌బోర్డు అరలో మాన్యువల్ పుస్తకమూ ఉంది, ప్లాస్టిక్ కవరు విప్పకుండా.

బానెట్ కింద కాపురాలు

చలికాలం కోతల కాలం. పంట ఇళ్లకు చేరుతుంది. దాని వెంటే ఎలుకలూ, పందికొక్కులూ చేరతాయి. రాత్రిపూట వెచ్చగా, చీకటిగా, ఎవరూ రాని చోటు కావాలి వాటికి. కదలని కారు బానెట్ కింద కన్నా అనువైన చోటు ఏముంటుంది? గడ్డిపోచలు, పత్తి తెచ్చి గూడు కడతాయి. పళ్లు పెరగకుండా ఉండటానికి ఏదో ఒకటి కొరకాలి కాబట్టి వైర్లు కొరుకుతాయి. వైర్ల మీది తొడుగు పోయి రాగి తీగలు ఒకదానికొకటి తగిలితే నిప్పు పుడుతుంది. పక్కనే ఎండుగడ్డి గూడు! కారు తగలబడిపోవడానికి అంతకన్నా ఏం కావాలి?

కొందరు బానెట్ కింద నాఫ్తలీన్ ఉండలు పెడతారు. ఇంకొందరు పొగాకు కాడలు కడతారు. నాలుగు రోజులు పనిచేసినా వాసన తగ్గాక ఎలుకలు వాటికీ అలవాటు పడిపోతాయి. అసలు చెయ్యాల్సింది కారును గడ్డివాముకు, ధాన్యం బస్తాలకు దూరంగా నిలపడం. రోజు విడిచి రోజు బానెట్ ఎత్తి పెట్టడం. వెలుగు పడితే, మనిషి అలికిడి ఉంటే ఎలుక కాపురం పెట్టదు. సీట్ల కింద పిల్లలు పారేసిన బిస్కెట్ ముక్కలు, పల్లీలు ఊడ్చేయాలి. సైలెన్సర్ గొట్టానికి ఇనప జాలీ ముక్క కట్టి, బండి తీసే ముందు గుర్తుగా విప్పెయ్యాలి. గుర్తుండటానికి ఆ సంగతి ఓ చీటీ మీద రాసి స్టీరింగుకు కట్టెయ్యడం ఉత్తమం.

చెట్టు కింద నిలిపితే మంచు బాధ తగ్గుతుందన్నాం. కానీ చెట్టు ఉచితంగా ఏదీ ఇవ్వదు. వేపచెట్టు మీద కాకులు, గోరింకలు ఉంటాయి. వాటి రెట్ట ఎండలో రెండు రోజులు నిలిచిందంటే రంగులో మచ్చ పడుతుంది. రాలిన ఆకులు అద్దం కింద వైపర్ల దగ్గరి సందుల్లో చేరి నీళ్లు పోయే రంధ్రాలను మూసేస్తాయి. తర్వాత వాన పడితే ఆ నీళ్లు లోపలికి, కాళ్ల కిందికి వస్తాయి. డిసెంబరులో వానలేమిటి అనుకోవద్దు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ వైపు పత్తి, మిర్చి రైతులు ఎంత అల్లాడారో అందరూ చూశారు. ఇక కోతులు సరేసరి. పక్క అద్దంలో తమ మొహం చూసుకుని ఇంకో కోతి అనుకుని దాన్ని పీకేదాకా వదలవు. అద్దాలు మడిచి, పాత దిండు గలీబులు తొడిగిన ఇల్లాళ్ల తెలివికి దండం పెట్టాలి.

వారానికోసారి అమ్మవారి దర్శనం

కదలని కారులో మొదట చచ్చేది బ్యాటరీ. తాళం తీసేసినా గడియారం, అలారం, కంప్యూటర్ పెట్టెలు బొట్టుబొట్టుగా కరెంటు తాగుతూనే ఉంటాయి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 కన్నా కిందికి దిగి అలాగే వారాల తరబడి ఉండిపోతే లోపలి పలకలు పాడైపోతాయి. మళ్లీ ఛార్జి చేసినా నిలవదు. నెలకు పైగా కారు తీయని వాళ్లు నెగెటివ్ తీగ విప్పెయ్యడమే మంచిది. పది నంబరు స్పానరు, రెండు నిమిషాల పని. కాకపోతే కొన్ని కార్లలో రేడియో కోడ్ అడుగుతుంది, తలుపుల రిమోట్ పనిచెయ్యదు. ఆ సంగతి ముందే చూసుకోవాలి.

చాలామంది నాన్నలు రోజూ పొద్దున కారు స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేస్తారు. 'రోజూ స్టార్ట్ చేస్తున్నారా' అని అటువైపు నుంచి కొడుకు అడుగుతాడు మరి. దానివల్ల లాభం లేదు. స్టార్ట్ చెయ్యడానికి వాడిన కరెంటు ఆ ఐదు నిమిషాల్లో తిరిగి రాదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆగిపోవడంతో సైలెన్సర్‌లో నీరు చేరి తుప్పు పడుతుంది. దానికి బదులు వారానికోసారి అరగంటసేపు నడపాలి. ఇందుకు ఈ ప్రాంతంలో ఉన్నన్ని సాకులు ఇంకెక్కడా ఉండవు. నందిగామ వాళ్లకు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ అమ్మవారు ఉంది. ఇటు పరిటాలలో రహదారి పక్కనే 135 అడుగుల ఆంజనేయస్వామి ఉన్నాడు. జగ్గయ్యపేట వాళ్లకు తిరుమలగిరి ఉంది, కృష్ణ ఒడ్డున వేదాద్రి నరసింహస్వామి ఉన్నాడు. శుక్రవారమో, శనివారమో పక్కింటి కుర్రాణ్ని బతిమాలి ఓ దర్శనం చేసుకొస్తే పుణ్యమూ, బ్యాటరీ ఛార్జీ రెండూ దక్కుతాయి. అమ్మానాన్నలు ఇల్లు కదిలినట్టూ ఉంటుంది.

టైర్లదీ ఇదే కథ. కదలకుండా నిలిస్తే నేలకు ఆనిన చోట చదునవుతుంది. నిలిపే ముందు మామూలుకన్నా నాలుగైదు పాయింట్లు ఎక్కువ గాలి పట్టించి, పదిహేను రోజులకోసారి అడుగు ముందుకో వెనక్కో జరపాలి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని అర్థం. పళ్లు అరగలేదు కదా అని ఎనిమిదేళ్ల నాటి టైర్లతో సంక్రాంతికి విజయవాడ రోడ్డెక్కేవాళ్లు ఉన్నారు. ఎండలో నిలిచిన టైరు తిరగకుండానే ముసలిదవుతుంది. పక్కల్లో సన్నని పగుళ్లు కనిపిస్తే ఇక దాన్ని నమ్మకూడదు. హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేస్తే చెమ్మకు బ్రేకులు పట్టేసుకుంటాయి. గేరులో ఉంచి, చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టడం మేలు.

పెట్రోలు విషయం కొత్తది. 2025 నాటికి దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్‌కు తేమను పీల్చే గుణం ఉంది. సగం ఖాళీ ట్యాంకులో చలికాలపు తేమ చేరుతుంది. నెలల తరబడి నిలిపేవాళ్లు ట్యాంకు నింపి నిలపడం మంచిది. ఆయిలు మాత్రం తిరిగిన కిలోమీటర్లు చూసి కాదు, ఏడాది చూసి మార్చాలి.

అటు చికాగోలో, మినియాపొలిస్‌లో ఉండే తెలుగువాళ్ల చలికాలం బాధలు వేరు. అక్కడ సున్నాకు 20 డిగ్రీలు కిందికి దిగితే బ్యాటరీ శక్తి సగానికి పడిపోతుంది. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు కారు అడుగుభాగాన్ని తినేస్తుంది. కెనడాలో చల్లని రాష్ట్రాల్లోనైతే రాత్రిపూట ఇంజిన్‌ను కరెంటు ప్లగ్గుకు తగిలించి వెచ్చగా ఉంచుతారు. ఆ దేశాల్లో కారు చూసుకున్న కొడుకు అక్కడి జాగ్రత్తలే ఫోనులో ఇక్కడి నాన్నకు చెబుతుంటాడు. నాన్న 'అలాగేరా' అంటాడు. నందిగామలో బ్యాటరీని చంపేది చలి కాదు... ఏప్రిల్, మే నెలల వేడి, మిగతా నెలల నిశ్చలం.

మున్నేరు గుర్తు పెట్టుకునే చోటు

కారు ఎలా కప్పాలన్నది ఒక ప్రశ్న. ఎక్కడ నిలపాలన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. 2023 జులై చివర్లో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద ఏకంగా జాతీయ రహదారి మీదికే వచ్చింది. హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ఏడాది తిరిగేసరికి 2024 సెప్టెంబరు 1న మళ్లీ అదే చోట అదే కథ. ఈసారి జగ్గయ్యపేట వైపు గరికపాడు దగ్గర పాలేరు కూడా పొంగి వంతెన పక్కన రోడ్డును కోసేసింది. అదే సమయంలో బుడమేరు విజయవాడను ముంచింది. వేల వాహనాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి.

వరద దిగాక చాలామంది చేసిన తప్పు ఒకటే. కారు తుడిచి తాళం తిప్పడం. ఇంజిన్ లోపలికి నీళ్లు చేరి ఉంటే అవి గాలిలా నొక్కుకుపోవు. పిస్టను వెళ్లి ఆ నీళ్లకు కొట్టుకుని లోపలి ఇనప కడ్డీలు వంగిపోతాయి. వరద నష్టానికి పూర్తి బీమా పాలసీలో పరిహారం ఉంటుంది. కానీ మునిగిన కారును స్టార్ట్ చెయ్యడం వల్ల పాడైన ఇంజిన్‌కు, విడిగా ఇంజిన్ రక్షణ తీసుకోకపోతే, సాధారణంగా పైసా రాదు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లకు నిలిపిన కారు మునిగినా, కాలినా, దొంగలెత్తుకుపోయినా ఏమీ రాదు. 'తిరగని కారుకు పూర్తి బీమా ఎందుకు' అని డబ్బు మిగుల్చుకున్నవాళ్లకు ఈ సంగతి వరద రోజునే తెలుస్తుంది. పదిహేనేళ్లు దాటిన కార్లకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5 వేల రూపాయలకు, ఇరవయ్యేళ్లు దాటినవాటికి 2025 ఆగస్టు నుంచి 10 వేలకు పెరిగింది. ఉత్పత్తి 2014లోనే ఆగిపోయిన మారుతీ 800లు ఈ ఊళ్లలో ఇంకా బరకాల కింద ఉన్నాయి. వాటిని ఉంచుకోవడమా, వదిలించుకోవడమా అన్నది లెక్క వేస్తే ఒక జవాబు వస్తుంది, ఇంట్లో అమ్మను అడిగితే ఇంకో జవాబు.

తాళం మాత్రం మరవొద్దు

పండగకు పిల్లలు దిగుతారు. దాగుడుమూతలకు నిలిపి ఉంచిన కారుకన్నా మంచి చోటు వాళ్లకు తోచదు. 2025 మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో నిలిపి ఉంచిన కారులోకి ఆడుకుంటూ ఎక్కిన నలుగురు చిన్నారులు తలుపులు మూసుకుపోయి ఊపిరాడక ప్రాణాలు విడిచారు. చలికాలం కదా అని ధీమాగా ఉండటానికి లేదు. మధ్యాహ్నపు ఎండలో అద్దాలు మూసిన కారు జనవరిలోనూ వేడెక్కుతుంది. లోపల చెమ్మ వాసన పోవడానికి ఓ గుడ్డ సంచిలో బొగ్గులు పెట్టండి, పొద్దున ఓ గంట దగ్గరుండి అద్దాలు దించండి. ఆ తర్వాత తాళం వేసి, తాళంచెవి పిల్లలకు అందనంత ఎత్తున తగిలించండి. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వదిలేసినా పోయేది డబ్బే. ఇది అలాంటిది కాదు.

భోగి ముందు రోజు ఇంకో పని ఉంది. బరకం కప్పిన కారును వీధిలోంచి దూరంగా జరపాలి. భోగిమంటలో తాటాకులు, పాత కర్రలు పడ్డప్పుడు లేచే నిప్పురవ్వ ఇంటి కప్పు దాకా ఎగురుతుంది. ప్లాస్టిక్ బరకం మీద ఒక్క రవ్వ చాలు. ఆ వేళకు బ్యాటరీ దిగిపోయి కారు కదలకపోతే నలుగురూ కలిసి తోసేస్తారు. అందుకే నందిగామ, జగ్గయ్యపేటల్లో మెకానిక్కులకు ఆ మూడు రోజులూ క్షణం తీరిక ఉండదు. జంపర్ తీగలుంటే ఆ పని ఇంట్లోవాళ్లూ చేసుకోవచ్చు. ఎర్ర తీగ ముందు చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల తీగ మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, దాని రెండో కొస చచ్చిన కారు ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకు. బ్యాటరీ మీదే నాలుగో కొస పెడితే నిప్పురవ్వ లేస్తుంది. స్టార్టయ్యాక ముందు నెమ్మదిగా నడిపి బ్రేకులు రెండు మూడుసార్లు నొక్కి చూసుకోవాలి. పళ్లేలకు పట్టిన తుప్పు పోయేదాకా కిర్రుమంటాయి.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. ముక్కనుమ తెల్లవారుజామున మాత్రం ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. డిక్కీలో అరిసెల డబ్బాలు, కారప్పూస, ఓ బస్తా బియ్యం. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర హైదరాబాదు వైపు బారులు మొదలవుతాయి. ఇంటి దగ్గర మిగిలిన పాత కారును కడిగి, తడి అద్ది, ట్యాంకు నింపి తెచ్చి గేరులో నిలుపుతారు. నెగెటివ్ తీగ విప్పడం కొడుకు నాన్నకు చూపిస్తాడు. ఈసారి నాన్నే విప్పి చూపించాలి. బస్సుకు టైమవుతోందని అమ్మ కేక వేస్తుంటుంది.